గుమ్మం మీద తొమ్మిది ఊళ్ళు

జ్యోత్స్న ఉద్యోగం పేరు చెబితే నంద్యాలలో సగం మందికి అర్థం కాదు. ఆమె కార్డు మీద 'దాతల సంబంధాల ముఖ్య అధికారి' అని ఉంటుంది. బైపాస్ పక్కనున్న ట్రస్టు వైద్య కళాశాల ఆసుపత్రిలో పదమూడేళ్ళుగా ఆమె చేసే పని మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. డబ్బున్నవాళ్ళ ఇళ్ళకు పోవాలి. వాళ్ళిచ్చే కాఫీ తాగాలి. వాళ్ళింట్లో ఎవరు ఏ జబ్బుతో పోయారో ఓపిగ్గా వినాలి. విన్నాక, ఆ జబ్బుకు ఒక వార్డు కట్టించమని అడగాలి. చిల్లర చందాలకు రసీదు పుస్తకాలు పట్టుకుని తిరిగేవాళ్ళు వేరే ఉన్నారు. జ్యోత్స్న నోరు తెరిస్తే కోటి నుంచి మొదలు. అట్లా అడిగి అడిగి ఆమె రెండు ఆపరేషన్ థియేటర్లు, ఒక డయాలసిస్ విభాగం, వైద్య విద్యార్థినులకు హాస్టలు సంపాదించి పెట్టింది. వాటిలో దేని మీదా ఆమె పేరు లేదు. ఉండకూడదు కూడా, అది ఆ ఉద్యోగంలో మొదటి నియమం.

ఇప్పుడు ఆమెకు కావలసింది పసికందుల వార్డు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఊపిరి అందించే యంత్రాలు ఆసుపత్రిలో రెండే ఉన్నాయి. మూడో బిడ్డ పుడితే కర్నూలుకు పంపాలి. రెండేళ్ళ కిందట సుమయ్యా అనే పందొమ్మిదేళ్ళ తల్లికి తోడు ఎవరూ లేకపోతే, ఆ అంబులెన్సులో జ్యోత్స్నే కూర్చుని పోయింది. ఓర్వకల్లు రాకముందే బిడ్డ పోయింది. సుమయ్యా ఏడవలేదు. "బండి నిదానంగా పోనీమను అక్కా, ఇంక తొందరేముండాది" అంది. ఆ మాట విన్న రోజు నుంచి జ్యోత్స్నకు వేరే దాతలు, వేరే పనులు అన్నీ రెండో వరసలోకి పోయాయి.

ఆ వార్డు ఇవ్వగలిగిన మనిషి ఆళ్లగడ్డలో దొరికింది. పేరు రామేశ్వరమ్మ. డెబ్భై ఆరేళ్ళు. విత్తనాల వ్యాపారం, హైవే మీద నాలుగు గోదాములు, పేరుకు మనవడు హర్ష చూసుకుంటాడు గానీ ఆమె తల ఊపందే ఆ ఇంట్లో ఒక చెక్కు కూడా చిరగదు. జ్యోత్స్న ఆ ఇంటికి పదకొండు నెలల్లో తొమ్మిదిసార్లు పోయింది. మొదటి ఆరుసార్లు రామేశ్వరమ్మ, చనిపోయిన తన భర్త ఓబుళయ్య గురించే చెప్పింది. ఏడోసారి మాత్రం, తొలి కాన్పులో ఏడో నెలకే పుట్టి పొద్దుగూకేలోపు పోయిన ఆడబిడ్డ గురించి చెప్పింది. యాభై ఏడేళ్ళుగా ఎవరికీ చెప్పలేదట. ఎనిమిదోసారి జ్యోత్స్న పన్నెండు పడకలు అడిగింది. తొమ్మిదోసారి ఆమె సరేనంది.

ఇంత వరకు బాగానే ఉంది. చెడగొట్టినవాడు వాస్తు సిద్ధాంతి.

కొత్త వార్డు రావలసింది ఆసుపత్రి పాత బ్లాకులో. అరవై నాలుగులో కట్టిన మొదటి గది అది, ఇప్పుడు విరిగిన మంచాలు పడేసే చోటు. లోపల పగలగొట్టి కొత్తగా కట్టాలి, ముందు గోడా గుమ్మమూ అట్లాగే ఉంచాలి. రామేశ్వరమ్మ పంపిన సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని వచ్చి, గుమ్మం మీది రాయిని చూసి ఆగిపోయాడు. ఆ రాయి ఆ స్థానంలో ఉండబట్టే ఇంత చిన్న గది ఇంత పెద్ద కాలేజీ అయిందన్నాడు. దాన్ని కదిలిస్తే అరిష్టమన్నాడు. మరి వార్డుకు పెట్టే ఓబుళయ్య పేరు ఎక్కడ చెక్కాలంటే, ఆ రాయి మీదే అన్నాడు. రాయి అట్లాగే ఉండాలి, పాత అక్షరాలు పోవాలి, కొత్తవి రావాలి. ఇంత తెలివైన పరిష్కారం చెప్పినందుకు అతనికి శాలువా కూడా కప్పారు.

ఆ రాయి మీద ఏముందో సిద్ధాంతి చదివే ఉంటాడు, చదివినా పట్టించుకోలేదు. 'ఈ గది తొమ్మిది ఊళ్ళ స్త్రీల పిడికెడు బియ్యముతో కట్టబడెను' అని మొదటి వరస. దాని కింద తొమ్మిది ఊళ్ళ పేర్లు. మనుషుల పేర్లు ఒక్కటీ లేవు.

చర్చికి పోయే ఇళ్ళలో ఇది పాత అలవాటు. ఆడవాళ్ళు రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తారు. నెలకోసారి ఆ కుండలన్నీ ఒకచోట పోసి అమ్మి, ఆ డబ్బు దేవుడి పనికి ఇస్తారు. పేరుకు బియ్యం గానీ, ఆ కాలంలో కూలి పనులకు పోయే ఆ ఇళ్ళలో చాలా కుండల్లో పడింది జొన్నలే. పిడికెడు తీస్తే ఇంట్లో ఎవరికో ఒక ముద్ద తగ్గేది. తగ్గేది ఆ ఆడమనిషికే అని వేరే చెప్పనక్కర్లేదు. అట్లా తొమ్మిది ఊళ్ళవాళ్ళు ఏడేళ్ళు వేస్తే ఆ గది లేచింది. జ్యోత్స్న అవ్వ జయమ్మ గడివేముల నుంచి నెలనెలా ఆ మూట నెత్తిన పెట్టుకుని నంద్యాలకు నడిచి వచ్చేది. జయమ్మ పోయి ఐదేళ్ళయింది.

జ్యోత్స్న నేరుగా ట్రస్టు సెక్రటరీ రాజరత్నం గదికి పోయింది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, మంచివాడే. మంచివాళ్ళతోనే కష్టం, వాళ్ళ మాటల్లో సగం నిజం ఉంటుంది.

"ఆ రాయి సంగతి నాకు తెలీదా జ్యోత్స్నమ్మా? మా అమ్మ కూడా ఆ కుండలో ఏసినదే" అన్నాడు. "అయితే ఏం జేద్దాం? రాయి కావాల్నా, బిడ్డలు కావాల్నా? నువ్వే చెప్పు. ఆ వార్డు లేకుంటే పిల్లల డాక్టరు చదువుకు పీజీ సీట్లు కూడా రావు."

సుమయ్యా గొంతు చెవిలో ఉండగా రాయి కావాలని జ్యోత్స్న ఏ నోటితో అంటుంది?

"తొందరగా ఆళ్లగడ్డ పోయి అక్షరాలు చెక్కేటోణ్ణి మాట్లాడుకోనిరా. పోతాపోతా దానపత్రం కూడా తీస్కపో. ఆయమ్మ మనసు మారకముందే సంతకం పడాల" అన్నాడు రాజరత్నం.

ఆమె దానపత్రం ఫైలు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. శిరివెళ్ళ దాటేవరకు తనకు తాను నచ్చజెప్పుకుంది. అవ్వ ఉంటే ఏమనేది? బిడ్డలే ముఖ్యమనేది. అవ్వ అన్నీ ఇచ్చేసే మనిషి, రాయి కూడా ఇచ్చేసేది. ఈ ఆలోచన ఓదార్పుగా ఉండాల్సింది పోయి, ఎందుకో ఆమెకు ఒళ్ళు మండింది.

ఆళ్లగడ్డలో దేవుళ్ళను చెక్కేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. అక్షరాలు చెక్కడంలో మాత్రం అందరూ ఖాదర్ బాషా పేరే చెబుతారు. గుడికి, మసీదుకు, చర్చికి, సమాధికి, సిమెంటు రోడ్డు ప్రారంభోత్సవానికి అన్నిటికీ ఆయన చెయ్యే. హైవే పక్కన రేకుల షెడ్డులో, ముఖం ఇంకా రాని ఒక ఆంజనేయుడి పక్కన కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. జ్యోత్స్న ఫోనులో రాయి ఫొటో చూపించింది. కదిలించకుండా అక్షరాలు తీసేసి, కొత్తవి చెక్కాలని చెప్పింది.

ఆయన ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "పాత పని మేడం. శానా లోతుగా దింపినాడు మహానుభావుడు. వీటిని తీయాలంటే ముప్పావంగుళం లోపలికి పోవాల. గుంట పడతాది. కొత్త పేరు ఆ గుంటలోనే ఉంటాది. తర్వాత నన్ననొద్దు, ముందే చెప్తాండా."

"చేస్తావా అన్నా, చేయవా?"

"ఎందుకు చేయను? నా పనే అది గదా. అయితే నా కాడ ఒక పద్ధతుండాది. నేను నిచ్చెన మీద ఉంటా. నువ్వు కింద నిలబడి ఒక్కో పేరూ గట్టిగా చదవాల. నువ్వు చదివినాకనే ఉలి పెడతా."

ఈ పద్ధతి వెనక కథ ఊరందరికీ తెలుసు. ఒకప్పుడు ఒక ప్రారంభోత్సవం రాయిలో రెండో పెద్దమనిషి పేరును మొదటి పెద్దమనిషి పేరు కంటే పైన చెక్కినందుకు ఖాదర్ బాషా నడివీధిలో చెంపదెబ్బ తిన్నాడు. అప్పటి నుంచి పని ఇచ్చినవాళ్ళు నోటితో చదవందే ఆయన సుత్తి ఎత్తడు. జిల్లా అధికారులు కూడా ఎండలో నిలబడి చదివిపోయారని గర్వంగా చెప్పుకుంటాడు.

"చెక్కేటప్పుడంటే సరే. చెరిపేదానికి కూడా చదవాల్నా?" అంది జ్యోత్స్న.

"చెరిపేదానికే ముఖ్యం మేడం. చెక్కింది తప్పయితే ఎట్లోగట్ల దిద్దుకుంటాం. చెరిపింది యాడ నుంచి తెస్తావ్? ఏ పేరు పోతాందో నీ నోటితో నువ్వు చెప్పాల. ఇప్పుడొకసారి చదువు, ఎన్ని పేర్లో పలక మీద గీసుకుంటా."

జ్యోత్స్న ఫోను చేతిలోకి తీసుకుంది.

"పాణ్యం."

ఆయన పలక మీద ఒక గీత గీశాడు.

"అయ్యలూరు."

ఇంకో గీత.

"కరిమద్దెల. మంచాలకట్ట."

నాలుగు గీతలయ్యాయి. ఐదో పేరు గడివేముల. చదవడానికి నోరు తెరిచి ఆగిపోయింది. ఆమెకు ఏడుపు కాదు వచ్చింది, కోపం. పదమూడేళ్ళుగా ఎవరెవరి తాతలకో ముత్తాతలకో గౌరవంగా చోటు వెతికి పెట్టింది. ఫలానావారి పేరు పెద్దక్షరాల్లో ఉండాలి, ఫలానావారి ఫొటోకు పూలదండ ఉండాలి అని వార్డుల వెంట తిరిగి చూసుకుంది. తన అవ్వకు ఆ ఆసుపత్రిలో ఉన్నది ఒక ఊరి పేరు. అందులోనూ ఆమె వాటా ఎంత, వందమందిలో ఒక వంతు. ఆ కాస్తా ఇంకొకరికి అడ్డమయింది. దాన్ని చెరిపించే పని కూడా జయమ్మ మనవరాలికే అప్పజెప్పారు!

"చదువు మేడం" అన్నాడు ఖాదర్ బాషా.

"చదవను."

"ఏందీ?"

"నేను చదవనన్నా. నువ్వు రావద్దు. ఈ పని లేదు."

ఆయన ఆమె ముఖం చూశాడు. పలక మీది గీతల్ని అరచేత్తో తుడిచేసి, "టీ తాగిపో మేడం, ఎండలో వచ్చినావ్" అన్నాడు. ఆమె తాగలేదు. ఆగితే కోపం చల్లారిపోతుందేమోనని భయపడి, ఆటో కూడా చూడకుండా నడుచుకుంటూ రామేశ్వరమ్మ ఇంటికి పోయింది.

రామేశ్వరమ్మ వరండాలో ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఉంది. హర్ష ఎదురుగా లాప్‌టాప్ ముందేసుకున్నాడు. "రా పాపా, రాయి పనోడు దొరికినాడా?" అని అడిగింది ఆమె.

"దొరికినాడమ్మా. నేనే వద్దన్నా."

మామూలుగా జ్యోత్స్న దాతల ముందు ఇట్లా మొదలుపెట్టదు. ఆరోగ్యం ఎట్లా ఉంది, మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగి, కాఫీ సగం తాగాక గానీ అసలు మాటకు రాదు. ఈ రోజు నిలబడే చెప్పింది. రాయి మీద ఏముందో, ఆ పిడికిళ్ళు ఎవరివో, ఏ ఊళ్ళవో అన్నీ చెప్పింది.

"కరిమద్దెల కూడా ఉండాదా?" అంది రామేశ్వరమ్మ. "అది నా పుట్టినూరు."

"ఉందమ్మా."

ఆమె ఉయ్యాల ఆపింది. జ్యోత్స్నకు ఒక్క క్షణం ఆశ పుట్టింది. అది తప్పని వెంటనే తెలిసింది.

"అట్లయితే ఇంకేంది?" అంది రామేశ్వరమ్మ. "ఆ ఊరి కూలోళ్ళంతా మా నాయన చేలల్లో చేసినోళ్ళే. కూలికి జొన్నలు కొలిచి పోసింది మా అమ్మ. నేనూ పోసినా, నా ఈ చేతుల్తో. మా గాదెలో జొన్నలు మా చేతుల మీదుగా పోయి ఆ గది అయింది. దాని మీద నా మొగుడి పేరు ఉంటే తప్పేంది? ఒక లెక్కన అది మాదే."

హర్ష నవ్వాడు. అవ్వ తెలివికి ముచ్చటపడ్డాడు.

"కాదమ్మా" అంది జ్యోత్స్న. "మీరు ఊరికే పోయలేదు, పని చేయించుకుని పోసినారు. పొద్దంతా నడుం వంచినాక వచ్చిన జొన్నలు అవి. కొలిచి పోసిన గడియ నుంచి అవి వాళ్ళవి. వాళ్ళు తినాల్సింది తీసి ఇచ్చినారు. మీరు పన్నెండు పడకలు ఇస్తాండారు, గొప్పే. కానీ ఇచ్చినాక ఈ ఇంట్లో మీకు ఒక్క ముద్ద తగ్గదు. వాళ్ళకు తగ్గింది. ఆ పేర్లు తీయడానికి మీకు గానీ, మా సెక్రటరీ సారుకు గానీ, నాకు గానీ హక్కు లేదు."

"మేడం, మీరు లిమిట్ దాటుతున్నారు" అన్నాడు హర్ష లేచి. "ఈ డబ్బు తీసుకోవడానికి ఎన్ని ఆసుపత్రులు లైన్లో ఉన్నాయో తెలుసా మీకు?"

"తెలుసు సార్. ఇచ్చుకోండి. ఆళ్లగడ్డలో ఏడో నెలకే పుట్టిన బిడ్డకు దగ్గర ఏ ఆసుపత్రో అమ్మకు తెలుసు."

అనకూడని మాట. ఏడోసారి పోయినప్పుడు నమ్మి చెప్పిన రహస్యాన్ని ఇట్లా వాడకూడదని జ్యోత్స్నకు తెలుసు. అన్నాక సిగ్గుపడింది కూడా. కానీ వెనక్కు తీసుకోలేదు.

రామేశ్వరమ్మ ముఖం గట్టిపడింది. "నువ్వు ఎవరి పిల్లవు?" అని అడిగింది. తొమ్మిదిసార్లు కాఫీ ఇచ్చినా ఎన్నడూ అడగని ప్రశ్న.

"గడివేముల జయమ్మ మనవరాలిని. ఆమె కూడా కూలికే పోయేది. ఆ మూట నెత్తిన పెట్టుకుని నడిచినోళ్ళలో ఆమె ఒకతె."

"అట్ల చెప్పు."

"చెప్పినానమ్మా. ఇంకో మాట కూడా చెప్తా, ఇది పని మాట. ఆ అక్షరాలు తీస్తే రాతిలో ముప్పావంగుళం గుంట పడతాదంట. ఖాదర్ బాషా చెప్పినాడు. అయ్యగారి పేరు ఆ గుంటలో ఉంటాది. చూసిన ప్రతోడూ ముందడిగేది, ఈడ ఇంతకుముందు ఏముండేదని. వాళ్ళకు ఎవరో ఒకరు చెప్తారు. నేనైతే చెప్తా."

రామేశ్వరమ్మ అరవై ఏళ్ళుగా వ్యాపారం చేసిన మనిషి. జొన్నల మాట ఆమెకు ఎక్కిందో లేదో దేవుడికే తెలియాలి, గుంట మాట మాత్రం ఎక్కింది. చెడ్డ సరుకు మీద తన ఇంటి పేరు ఎన్నడూ వేయించుకోలేదు ఆమె.

"ఆ సిద్ధాంతి ఈ గుంట సంగతి చెప్పలేదే" అంది మనవడి వైపు చూసి. హర్ష నేల చూశాడు. "సరే. ఆ రాయి జోలికి పోవద్దు. మా ఆయనకు లోపల కొత్త రాయి ఏయించండి, నున్నగా."

జ్యోత్స్న ఊపిరి పీల్చుకునేలోపే ఆమె ఫోను తీసి, స్పీకరు పెట్టి రాజరత్నానికి కలిపింది.

"అయ్యా, రాయి ఉండనీ, నాకేం అభ్యంతరం లేదు. పడకలు ఇస్తాండా. అయితే ఈ పిల్ల ఆడ ఉండగూడదు. నా ఇంట్లో నిలబడి నా కడుపున పుట్టి పోయిన బిడ్డను ఎత్తి చూపింది. రేపటి నుంచి ఈమె మీ దగ్గర పనిలో ఉంటే నా సంతకం ఉండదు."

అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం. ఒక్కటే క్షణం, జ్యోత్స్న లెక్కపెట్టుకుంది. "అట్లనే అమ్మా. మీరు చెప్పినట్లే" అన్నాడు రాజరత్నం.

పదమూడేళ్ళు అట్లా పోయాయి. జ్యోత్స్న కూతురు సిరి ఇంటర్లో ఉంది. భర్త అభిషేక్ ప్రైవేటు బడిలో టీచరు, ఆ జీతంతో ఇల్లు గడవదు. ఇవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. క్షమాపణ చెబితే ముసలామె మెత్తబడుతుందేమో కూడా తోచింది. బిడ్డ మాటకు క్షమాపణ చెప్పాల్సిందే, అది నిజం.

"ఆ బిడ్డ మాట అన్నందుకు తప్పయిందమ్మా" అంది. "అది మీరు నమ్మి చెప్పింది. అనకూడదు నేను. మిగతాదానికి చెప్పను."

"చెప్పొద్దులే. పో ఇంక."

జ్యోత్స్న పోలేదు. సంచిలోంచి ఫైలు తీసి, దానపత్రం మూడో పేజీ తెరిచి, ఉయ్యాల బల్ల మీద రామేశ్వరమ్మ పక్కన పెట్టింది. పెన్ను మూత తీసి ఆ పేజీ మీద పెట్టింది.

"సంతకమైనాక పోతా. ఇది నా పనిలో ఆఖరిది గదా, సగంలో వదిలిపెట్టను."

"నీ ఉద్యోగం పోయింది పాపా. తెలుస్తాందా నీకు?"

"తెలుస్తాందమ్మా. పదమూడేళ్ళ ఉద్యోగం తీసేయించినారు మీరు. ఊరికే పోతానా? ఈడ పన్నెండు అని ఉంది చూడండి, పద్నాలుగు చేయండి. కాన్పుల గది పక్కన రెండు పడకలకు చోటుంది, నేనే కొలిచినా. మీరు పద్నాలుగు రాస్తే నేను ఇప్పుడే ఈ వరండా దిగిపోతా, మళ్ళీ మీకు కనపడను. పన్నెండే అంటే ఈడే కూర్చుంటా."

హర్ష ఏదో అనబోయాడు. రామేశ్వరమ్మ చెయ్యెత్తి ఆపింది. జ్యోత్స్న ముఖంలోకి చూసింది. జీవితంలో ఎంతోమంది ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడి అడిగారు. పనిలోంచి తీసేసిన మనిషి, తీసేసినందుకు ఖరీదు అడగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

పెన్ను తీసుకుంది. పన్నెండును కొట్టేసి పద్నాలుగు రాసింది. చివర సంతకం పెట్టి, ఫైలు మూసి, "తీస్కపో" అని చాచింది.

జ్యోత్స్న తీసుకోలేదు. ఫైలు ఆమె చేతిలోనే ఉంచి, మూడో పేజీ మళ్ళీ తెరిచింది.

"దిద్దిన చోట కూడా పెట్టాలమ్మా" అంది. "లేకుంటే రేపు చెల్లదంటారు."